స్టీరింగ్‌కి కట్టిన ఎర్ర ట్యాగ్

మా వీధిలో నా గురించి రెండు కబుర్లు తిరుగుతున్నాయి. నేను కారులో బాంబు పెట్టుకున్నానని ఒకటి. ఆ సిలిండర్లో ఉన్నది పళ్ల డాక్టర్లు వాడే నవ్వించే గ్యాసనీ, అది పీలుస్తూ బండి నడుపుతాననీ రెండోది. రెండూ ఒకేసారి నిజం కావడం కొంచెం కష్టం. అందుకని దేన్నీ ఖండించకుండా వదిలేశాను.

నిజం ఇంతకంటే చప్పగా ఉంటుంది. మా నాన్న ఏళ్ల తరబడి నడిపిన ఒక చిన్న పెట్రోలు కారుకి నేను నైట్రస్ ఆక్సైడ్ అమర్చాను. ఇంజిన్ లోపల ఒక్క బోల్టు కూడా విప్పలేదు. పిస్టన్లు కంపెనీవే, క్రాంకు కంపెనీదే, హెడ్ గాస్కెట్ షోరూమ్ గేటు దాటినప్పటిదే. "మామూలు ఇంజిన్‌కి ఆ గ్యాసు పడదు, ముక్కలై చేతికొస్తుంది" అని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో మెకానిక్కులున్నారు, సెక్టర్ 6 మార్కెట్లో చెప్పులు కుట్టే ఆయన ఉన్నారు, నా దగ్గర ఇంజిన్ల పాఠం చదివి పాసైన పిల్లలూ ఉన్నారు. చెప్పుల ఆయన అన్నందుకు నాకు బాధ లేదు. పాసైన పిల్లలు అన్నప్పుడు మాత్రం వాళ్లను ఎలా పాస్ చేశానా అనిపించింది.

నేను దగ్గర్లోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇంజిన్ ఏయే విధాలుగా చస్తుందో ఏళ్ల తరబడి బోర్డు మీద సుద్దముక్కతో చంపి చూపించాను. నిజం ఇంజిన్‌ని ముట్టుకోవడానికి అంతకుమించిన అర్హత ఏం కావాలో నాకు తెలియదు.

గొడవ ఒక ఆదివారం భోజనాల దగ్గర మొదలైంది. నేనూ అమ్మానాన్నా భిలాయిలో, రుఆబాంధాలో ఉంటాం. అక్కా బావా సెక్టర్ 7లో. బావ స్టీల్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగే ముందు వంటింట్లో గ్యాసు ట్యూబు మీద తేదీ చూసి వస్తారు. నిచ్చెన ఎక్కిన మనిషి కనపడితే, ఆ మనిషి ఎవరైనా సరే, ఆగి కింద పట్టుకుంటారు. మంచి మనిషి. మంచివాళ్లతో వచ్చిన చిక్కల్లా, వాళ్లతో తగువు పెట్టుకోవాలంటే మనం రెండింతలు కష్టపడాలి.

ఆ ఆదివారం ఆయన చారు కలుపుకుంటూ, నాన్న కారుని కొత్తదానికి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దామనీ, షోరూమ్‌లో మాట్లాడేశాననీ చెప్పారు.

"పాతబడిపోయింది కదేటి మావయ్యగారూ. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏటీ లేవు. ఎన్నాళ్లని ఆ డబ్బా?"

నాన్న మజ్జిగ తాగుతున్నారు. ఆయన రిటైరయ్యేదాకా బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇంజినీరుగా చేశారు. కరిగిన ఇనుము పక్కన జీవితమంతా నిలబడ్డ మనిషి భోజనాల దగ్గర తొందరపడరు.

తొందరపడటం నా వంతు అయింది. ఎందుకంటే ఆ కారు మీద నేను బతికాను. క్లచ్ అంటే ఏమిటో అది నేర్పింది. తర్వాత మా ఇంట్లో నేనేం చదవాలో, ఏ ఊళ్లో ఉద్యోగం చెయ్యాలో, ఎవరిని చేసుకోవాలో చాలామంది చాలాసార్లు నా బదులు మాట్లాడేశారు. కొన్ని విన్నాను, చివరిది వినలేదు. కారు సంగతి కూడా నా బదులు ఒకరు మాట్లాడేసి, చారు కలుపుకుంటూ చెబుతుంటే, ఇక చాలనిపించింది.

"ఆ డబ్బాకి నేను నైట్రస్ పెడుతున్నాను బావా," అన్నాను. కిట్ అప్పటికే నా మంచం కింద ఉంది. మూడు వారాల్లో, ఊరి బయట విమానాలు మానేసిన పాత రన్‌వే మీద ఒక మోటారు క్లబ్బువాళ్ల డ్రాగ్ పందెం. నేరుగా పావు మైలు, మలుపులు లేవు, ట్రాఫిక్ లేదు, ఎదురుగా ఆవులు రావు. నా పేరు ఇచ్చేసి ఉన్నాను.

"ఏటి పెడతన్నావూ?"

"నైట్రస్."

"అరే యార్! పాగల్ హై క్యా మరదలా? మావయ్యగారూ, వింటన్నారా?"

నాన్న గ్లాసు దించారు. "ఎంత పెడతావే?"

"పాతిక గుర్రాలు నాన్నా. ఎనభై గుర్రాల ఇంజిన్ మీద."

"అంటే మన ఆక్సిజన్ ఎన్‌రిచ్‌మెంటే కదేటి. గాలిలో ఆక్సిజన్ పెంచుతావు. పెట్రోలు కూడా పెంచుతావు కదా?"

"పెంచకపోతే పిస్టన్ కరిగిపోద్ది."

"మరింకేటి," అని నాన్న మళ్లీ గ్లాసు ఎత్తారు.

కాలేజీలో మూడు క్లాసులు తినే పాఠం అది. నైట్రస్ దానంతట అది మండదు. సిలిండర్ వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు కాల్చొచ్చు, ఎక్కువ బలం వస్తుంది. ఆక్సిజన్‌కి తగ్గ పెట్రోలు దొరక్కపోతే మాత్రం మంట అసలు వేడెక్కాల్సిన దానికంటే వేడెక్కి, పిస్టన్ అల్యూమినియాన్ని మైనంలా తినేస్తుంది. ఫర్నేస్ మనిషికి ఇది రెండు ముక్కల్లో అర్థమైంది. బావకి కూడా అర్థమైంది. అందుకే ఆయన ముద్ద ఆగిపోయింది.

"ఇంజిన్ పోతే?" అన్నారు.

"పోతే మీ ఎక్స్‌చేంజ్‌కి తీసుకెళ్లండి. నేను నోరెత్తను. పోకపోతే కారు ఈ గుమ్మంలోనే ఉంటుంది, మీరు ఎత్తకూడదు."

"పోలేదని ఎవరు సెప్పాలి? నువ్వా?"

"గేజి చెప్తుంది."

అలా తేలింది మా ఇద్దరి పందెం. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండర్‌కీ గేజి బిగించి, స్టార్టరు తిప్పితే లోపల గాలి ఎంత గట్టిగా అదుముతోందో ముల్లు చూపిస్తుంది. పిస్టన్ కరిగినా, రింగు విరిగినా, గాస్కెట్ పోయినా ముల్లు పడిపోతుంది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. భోజనాలయ్యాక బావ ఎదురుగానే పరీక్ష చేశాం. నాన్న సుద్దముక్కతో కారు షెడ్డు రేకు మీద నాలుగు అంకెలు వేశారు. మూడు అంకెలు ఒక్కలా ఉన్నాయి, మూడో సిలిండర్‌ది మాత్రం ఒక గీత తక్కువ. రన్‌వే పందెం తర్వాత మళ్లీ ఇవే అంకెలు రావాలి. అంతే.

బావ వెళ్లబోతూ తన స్కూటరు డిక్కీలోంచి ఒక ఎర్ర ట్యాగు తీశారు. ప్లాంటులో మరమ్మతులు జరుగుతున్నప్పుడు స్విచ్‌లకి కడతారు. "ఖతరా. చలానా మనా హై", అంటే ప్రమాదం, నడపకూడదు అని ఉంటుంది, కింద కట్టినవారి సంతకానికి చోటు ఉంటుంది. నవ్వుతూ సంతకం పెట్టి, స్టీరింగ్‌కి కట్టేశారు. "మా పర్మిషన్ లేకుండా కదిపేవు," అన్నారు. అక్క నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న కాలేజీకి బయల్దేరుతూ ఆ ట్యాగు విప్పబోయాను.

"ముట్టుకోకు!"

నాన్న గొంతు అంత పెద్దగా ఉండగలదని నాకు చాలా కాలంగా గుర్తులేదు. వీధిలో పాలు పోసేవాడు కూడా చెయ్యి ఆపేశాడు.

"ఎవురు కట్టారో ఆళ్లే విప్పాల," అన్నారు నాన్న. మామూలుగా ఆయన ఇంట్లో ఇంత శ్రీకాకుళం మాట్లాడరు. కంగారుపడితే వస్తుంది.

ప్లాంటులో ఆ నియమం ఎంత గట్టిదో నాకు తెలియంది కాదు. యంత్రం లోపల ఒక మనిషి పనిచేస్తుంటాడు. బయట స్విచ్ మీద అతని ట్యాగు వేలాడుతుంటుంది. ఆ ట్యాగు వేరేవాళ్లు విప్పితే, లోపలివాడు ఏమవుతాడో చెప్పనక్కర్లేదు. తనది కాని ట్యాగు విప్పినవాణ్ని, వాడు ఎవరి తాలూకు మనిషైనా సరే, నాన్న షిఫ్టు మధ్యలో ఇంటికి పంపేసేవారట. పెంకుటిల్లయినా, పెళ్లిపందిరైనా, ఎర్ర ట్యాగు కనపడితే నాన్న చేతులు వెనక్కి కట్టుకుంటారు.

బావకి ఫోన్ చేశాను. "అరే, మజాక్‌లో కట్టాను మరదలా, తీసేయ్," అన్నారు.

నాన్న ఫోన్ లాక్కున్నారు. "అల్లుడుగారూ, దాని మీద మీ సంతకం ఉంది. మజాకో కాదో ట్యాగుకి తెలీదు. మీరు రండి, పనంతా చూడండి, బాగుందనిపిస్తే మీ చేత్తో విప్పండి."

ఒక సేఫ్టీ ఆఫీసరుని ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఇరికించలేరు. ఇప్పుడు ఆయన సరదాగా విప్పితే రేపు డ్యూటీలో ఇంకొకడి ట్యాగు గురించి ఏ మొహంతో మాట్లాడతారు? విప్పాలంటే నైట్రస్ సంగతి మొత్తం ఆయనే పరీక్ష చెయ్యాలి. విప్పకపోతే పందెం నాడు కారు షెడ్డులోనే ఉంటుంది, షోరూమ్‌వాడు వచ్చి తీసుకెళతాడు. నాకు కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక బస్సెక్కి కాలేజీకి పోయాను.

ఆ రోజు నుంచి కారు కదల్లేదు, పని మాత్రం ఆగలేదు. ట్యాగు నడపొద్దంటుంది, స్పానరు పట్టుకోవద్దనదు. నాన్న దీన్ని కోల్డ్ వర్క్ అన్నారు, నిప్పుతో పని లేని మరమ్మతు. నేను సాయంత్రాలన్నీ షెడ్డులో గడిపాను. మామూలు ఇంజిన్‌కి నైట్రస్ పెట్టడంలో ఉన్న సాహసమంతా నిజానికి పిరికితనమే. గ్యాసు ఎంత పడాలో తేల్చే జెట్లు కిట్‌తో వచ్చినవాటిలో అన్నిటికంటే చిన్నది బిగించాను. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి వేసి, గ్యాప్ తగ్గించాను. గ్యాసు పడేటప్పుడు స్పార్కు రెండు డిగ్రీలు వెనక్కి జరిగేట్టు పెట్టాను. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే తప్ప, ఇంజిన్ మూడు వేల చుట్లు దాటితే తప్ప, గ్యాసు తెరుచుకోదు. పైచుట్లలో ఇంజిన్ తనంతట తాను ఆగే చోటుకి ముందే మూసుకుంటుంది. గేరు మార్చడానికి కాలు తీసినా మూసుకుంటుంది. పెట్రోలు ప్రెషరు పడిపోతే గ్యాసుని కట్టేసే స్విచ్ ఒకటి. ఎగ్జాస్టులో ఎంత పెట్రోలు మిగిలిందో చూపించే మీటరు ఒకటి. సిలిండర్‌ని వెనక సీటు తీసేసి, ఇనప పట్టాలతో నేలకి బిగించి, ఎక్కువ ప్రెషరు వస్తే గ్యాసు కారు లోపలికి కాకుండా బయటికి పోయేట్టు గొట్టం వేశాను. ఇన్ని చేశాక నాకు మిగిలిన ధైర్యం, సైకిలు మీద ప్లాంటుకి వెళ్లడానికి కావలసినంత మాత్రమే ఉంది.

రోడ్డు మీద నైట్రస్ వాడటం చట్టానికి ఇష్టం లేదు. ఈ విషయంలో చట్టమూ నేనూ ఒక మాట మీదున్నాం. సిలిండర్ రన్‌వే మీద తప్ప కారులో ఉండదు. మిగతా రోజుల్లో వరండాలో ఉండేది. అక్కడే అమ్మతో తగువు. మార్చి ఆఖరుకే మా ఊళ్లో ఎండ మాడ్చేస్తుంది. వేడెక్కితే సిలిండర్లో ప్రెషరు పెరుగుతుంది, గ్యాసు ఎక్కువ దూకుతుంది, పెట్రోలు మాత్రం అంతే వస్తుంది. మళ్లీ పిస్టనే. అందుకని వరండాలో కూలరు ముందు పెట్టాను.

"మనుషులకి లేదు గాలి," అంది అమ్మ. "దీనికి కూలరేటే? నెల తప్పినప్పుడు మీ అక్కకి కూడా ఇంత సేవ చెయ్యలేదు."

బావ మూడుసార్లు వచ్చి చూశారు. ప్రతిసారీ ఏదో ఒక తప్పు పట్టాలని వచ్చి, తల ఊపి వెళ్లారు. చివరికి ఒక షరతు పెట్టారు. డ్యాష్‌బోర్డు మీద పెద్ద ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. అది నొక్కినా, పెట్రోలు ప్రెషరు స్విచ్ పడినా, ఒకే రిలే స్విచ్ ద్వారా అన్నీ మూసుకోవాలి. ఎలా మూసుకోవాలో కూడా చెప్పారు.

"ముందు ఫ్యూయల్ బంద్. తర్వాత రెండో మూడో సెకన్లు ఆగి, గాలి బంద్. ఆ రెండు సెకన్లలో లోపల ఉన్న ఫ్యూయలంతా పర్జ్ అయి బయటికి పోద్ది. ప్లాంటులో ఏ బర్నరైనా అంతే. గ్యాస్ లైన్ బంద్ చెయ్యకుండా గాలి బంద్ చేస్తే గ్యాసు పోగై ఢాం అంటాది."

నాన్న తల ఊపారు. "కరెక్టే అల్లుడుగారూ."

నేనూ తల ఊపాను. పైగా బజారుకెళ్లి టైమరున్న రిలే కొనుక్కొచ్చి నేనే బిగించాను. భిలాయిలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ మాట అమ్మ పాలతో పాటు వస్తుంది. ఇంధనం ముందు, గాలి తర్వాత. సైరను వినపడితే ముక్కుకి తడిగుడ్డ, గ్యాసు వాసనొస్తే ముందు వాల్వు. మేం ముగ్గురం ఒకే మాట మీద నిలబడ్డ అరుదైన సందర్భం అది. అప్పుడే అనుమానం రావలసింది.

పందెం ఇంకో మూడు రోజులుందనగా కోల్డ్ ట్రయల్ పెట్టాం. ప్లాంటులో ఏ కొత్త యంత్రాన్నీ ముందు వేడిగా నడపరు. ఖాళీగా నడిపి చూస్తారు. కారు బ్యాటరీ విప్పేసి, వేరే బ్యాటరీ తగిలించి, సిలిండర్ మూసే ఉంచి, గ్యాసుకి తోడు పెట్రోలు ఇచ్చే వాల్వుకి ఆకుపచ్చ బల్బు, గ్యాసు వాల్వుకి నీలం బల్బు కట్టాను. వాల్వు తెరుచుకుంటే బల్బు వెలుగుతుంది. బావ స్టూలు మీద కూర్చున్నారు. ఎర్ర ట్యాగు స్టీరింగ్ మీద ఊగుతోంది.

స్విచ్ వేశాను. రెండు బల్బులూ కలిసి వెలిగాయి. నాన్న "శభాష్" అన్నారు. ఇప్పుడు ఎర్ర బటన్ నొక్కాను.

ఆకుపచ్చ ఆరిపోయింది. నీలం ఒక్కటీ వెలుగుతూ ఉంది. తర్వాత టక్కుమని అదీ ఆరింది.

నేను మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. ఆకుపచ్చ లేదు, నీలం ఉంది.

ఆ రెండు సెకన్లలో ఇంజిన్ నిండు వేగంతో తిరుగుతూ ఉంటుంది. లోపలికి గ్యాసు మాత్రం పడుతూ ఉంటుంది, దానికి తోడు రావలసిన పెట్రోలు రాదు. బోర్డు మీద పిస్టన్ బొమ్మకి చిల్లు గీసి, "ఇలా జరుగుతుంది" అని నేను రాసే చిత్రం సరిగ్గా అదే. ప్రమాదం వస్తే ఇంజిన్‌ని కాపాడాల్సిన బటనే ఇంజిన్‌ని చంపుతుంది. ఆ బటన్‌ని మేం ముగ్గురం ఎంతో జాగ్రత్తగా, తలలూపుకుంటూ కట్టాం.

"ఇది తప్పు బావా," అన్నాను. "రెండూ ఒకేసారి ఆగాలి. ఏదైనా ముందు ఆగాలంటే గ్యాసే ఆగాలి."

"క్యా బాత్ కర్‌తీ హో! ఫ్యూయల్ ఉంచి గాలి ఆపుతావా? ఇరవై ఏళ్లుగా మేం సేసేది తప్పా?"

"మీ బర్నర్‌లో మంట ఇటుక గోడల మధ్య ఉంటుంది. నాలుగు సెకన్లు ఎక్కువ గాలి వస్తే ఇటుకలు నవ్వుకుంటాయి. ఇక్కడ గోడే పిస్టన్. అది అల్యూమినియం."

"రూల్ ఈజ్ రూల్."

"ఏ ఇంజిన్‌కి రాసిన రూలు బావా అది?"

నాన్న ఇద్దరి మధ్యా నిలబడి నీలం బల్బునే చూస్తున్నారు. చివరికి నెమ్మదిగా అన్నారు. "ఫర్నేస్‌లో బొగ్గుపొడి ఇంజెక్షన్ ఆగిపోతే మొదట ఏటి కట్టేవాళ్లం? ఆక్సిజనే. లేకపోతే మంట వేడెక్కిపోద్ది. నాకీ సంగతి తెలిసుండీ, మొన్న తల ఊపాను." ఆయన తన మీద తానే విసుక్కున్నారు. "మీ డిపార్టుమెంటు మాటకి అలవాటుపడిపోయాం అల్లుడుగారూ."

బావ లేచారు. హెల్మెట్ పెట్టుకున్నారు. "నేను ఆలోచించాల," అని స్కూటరు ఎక్కారు. ట్యాగు విప్పలేదు.

టైమరు రిలే పీకేశాను. మామూలు రిలే వేసి, బటన్ నొక్కినా పెట్రోలు ప్రెషరు పడినా రెండు వాల్వులూ ఒక్క దెబ్బతో మూసుకునేట్టు తీగలు మళ్లీ కలిపాను. బల్బులు రెండూ ఒకేసారి ఆరాయి. నేను ఎన్నిసార్లు నొక్కానో లెక్కపెట్టలేదు. తర్వాత ఆ ఎర్ర ట్యాగు వంక చూస్తూ కూర్చున్నాను. విప్పేస్తే ఎవరు ఏమంటారు? కార్లు మోసే వాన్ మాట్లాడుకుని ఉన్నాను, కారు ఎక్కించి తీసుకుపోవచ్చు. నాన్న పడుకుని ఉన్నారు. చెయ్యి చాపాను కూడా.

విప్పలేదు. మంచితనం కాదు. బావ చేత్తో విప్పించకపోతే నేను గెలిచినట్టు కాదు, అంతే. ఒకరి నోరు మూయించడానికీ, ఒకరి చేత ఒప్పించడానికీ తేడా ఉంది. నాకు రెండోదే కావాలి. ఇంట్లో నా బదులు మాట్లాడే అలవాటు పోవాలంటే, నా పని చూసి ఒక్కరైనా సరే అనాలి.

మర్నాడు పొద్దున్నే, డ్యూటీకి వెళ్తూ, బావ వచ్చారు. బూట్లు, హెల్మెట్, జేబులో పెన్ను. స్విచ్ వేశారు, బల్బులు వెలిగాయి. బటన్ నొక్కారు, రెండూ కలిసి ఆరాయి. పెట్రోలు ప్రెషరు స్విచ్ తీగ పీకి చూశారు, రెండూ కలిసి ఆరాయి. మళ్లీ, మళ్లీ. అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది, చల్లారిపోయింది.

"ఆక్సిడైజర్ ముందు, అంటే గ్యాసే ముందు," అన్నారు చివరికి, ఎవరికో చెబుతున్నట్టు. "నేను నిన్న ఆఫీసులో ఇద్దరినడిగాను. ఇద్దరూ ఫ్యూయలే ముందన్నారు. మూడో ఆయనకి ఇంజిన్ గురించి తెలుసు. ఆయన నన్ను చూసి నవ్వాడు."

"ఏమన్నారు?"

"నీలాగే అన్నాడు. కాకపోతే మర్యాదగా."

స్టీరింగ్ మీద ట్యాగు విప్పారు. వెనక తేదీ వేసి, సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "పందేనికి నేనొస్తాను. మంటలార్పే ఎక్స్‌టింగ్విషర్ నాది."

రన్‌వే దగ్గర వాహనాలు తనిఖీ చేసే ఆయన నా బోనెట్ కింద తల పెట్టి చాలాసేపు చూశాడు.

"స్టాక్ ఇంజన్ మే నైట్రస్, మేడమ్?" కంపెనీ ఇంజిన్‌కేనా అని.

"జీ భయ్యా."

"పిస్టన్ భీ స్టాక్?"

"పిస్టన్ భీ. డ్రైవర్ భీ."

ఆయన నవ్వలేదు. నా వెనక ఎక్స్‌టింగ్విషర్ చంకలో పెట్టుకుని నిలబడ్డ బావని చూసి మాత్రం స్టిక్కరు అంటించేశాడు.

మొదటి పరుగు గ్యాసు లేకుండా. మా కారు ఎప్పటిలాగే, ఎవరికీ ఇబ్బంది కలగకుండా, అవతలి కొసకి చేరింది. రెండోది గ్యాసుతో. నైట్రస్ సిలిండర్ మీద తడి గోనెపట్టా తీసి, ప్రెషరు చూసుకుని, వాల్వు తెరిచి, గీత మీద నిలబెట్టాను. పక్క వరసలో నాకంటే పెద్ద కారు. లైటు పడింది. మొదటి గేరు మామూలుగానే పోయింది. రెండో గేరులో పాదం నేలకి నొక్కాను.

నాన్న కారు వెనక ఎవరో నిలబడి, పెద్ద అరచేత్తో నెట్టినట్టయింది. ఈ కారు ఇన్నాళ్లూ తనకి తెలియని మాట ఒకటి ఇప్పుడు గట్టిగా అంటోంది అనిపించింది. మీటరు మంచి అంకెలు చూపిస్తోంది. మూడో గేరు. పక్క కారు నా కిటికీలోంచి వెనక్కి జరుగుతోంది. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, నేను ముందున్నాను.

అప్పుడు నెట్టడం ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీదికి మార్చిన రెండు బల్బులూ కలిసి ఆరాయి. నేను బటన్ నొక్కలేదు. పక్క కారు నన్ను దాటి పోయింది, జనం కేకలేశారు. నేను ఓడిపోయి, ఇంజిన్‌ని ఆపి, రన్‌వే కొసన నిలబడిపోయాను.

బావ పరుగెత్తుకుంటూ వచ్చారు, ఎక్స్‌టింగ్విషర్‌తో సహా. "ఏటయింది? పొగేది?"

"పొగ లేదు. పెట్రోలు ప్రెషరు పడింది. స్విచ్ కట్టేసింది."

ట్యాగు విప్పాక ఇంట్లో చూసినప్పుడు పంపు ప్రెషరు బాగానే ఉంది. కానీ అది ఖాళీగా తిరిగే ఇంజిన్ మీద చూసింది. నిండు భారం మీద, మూడో గేరులో, పాత పంపుకి చేతకాలేదు. అన్నీ చూసుకున్నాననుకున్న నేను పంపుని నమ్మాను. పాత రిలే ఉండుంటే ఆ రెండు సెకన్లు ఇంజిన్ పెట్రోలు లేకుండా గ్యాసు తాగేది. ఇద్దరం బోనెట్ వంక చూశాం.

మూడో పరుగు ఉంది. జనంలోంచి ఎవడో "క్యా హువా దీదీ, గ్యాస్ ఖతమ్?" అని అరిచాడు. గ్యాసు మూసేసి, కారుని వాన్‌లో ఎక్కించమన్నాను. పంపు చాలనప్పుడు మళ్లీ గ్యాసు తెరిస్తే, దాన్ని నేను ధైర్యం అనను. నా క్లాసు పిల్లలు పరీక్షలో రాసే తప్పు జవాబు అంటాను.

సాయంత్రం, ఇంజిన్ మొదటి పరీక్షప్పటిలాగే గోరువెచ్చగా ఉండగా, ప్లగ్గులు విప్పాం. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశారు. పిస్టన్ కరగడం మొదలుపెడితే ప్లగ్గు మీద వెండి చుక్కలు పడతాయి. చుక్కలు లేవు. కానీ పందెం ప్లగ్గు మీద కాదు, ముల్లు మీద.

గేజి బావ పట్టుకున్నారు. నేను తాళం తిప్పాను. నాన్న రేకు దగ్గర సుద్దముక్కతో నిలబడ్డారు. అమ్మ కూడా వంట మానేసి గుమ్మంలోకి వచ్చింది.

మొదటి సిలిండర్. బావ అంకె చదివారు. నాన్న పాత అంకె కింద వేశారు. అదే. రెండోది, అదే. మూడోది బిగించారు. నేను తిప్పాను. ముల్లు లేచి, లేచి, ఆగింది.

"తక్కువుంది," అన్నారు బావ. ఆయన గొంతులో సంతోషం లేదు. అది విని నాకే ఆశ్చర్యమేసింది.

నాన్న సుద్దముక్కతో రేకు మీద తట్టారు. మూడో సిలిండర్ పాత అంకె. అప్పుడూ అంతే తక్కువ. ముల్లు ఒక గీత కూడా కదల్లేదు.

నాలుగోది కూడా అదే వచ్చింది.

"మరి షోరూమ్ వాడికి ఫోన్ చెయ్యండి బాబూ," అంది అమ్మ లోపలికి పోతూ. "పాపం, ఎదురుచూస్తన్నాడేమో."

బావ ఫోన్ తీశారు. వరండాలో నిలబడి, ఎక్స్‌చేంజ్ లేదని చెప్పారు. ఎందుకని వాడు అడిగి ఉంటాడు. "ఇంజన్ ఠీక్ హై," అన్నారు బావ కొంచెం గట్టిగానే. "టెస్ట్ మైనే ఖుద్ కియా హై." పరీక్ష తానే చేశానని. ఆయన మా కారు తరఫున మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఈసారి ఆయన నా బదులు మాట్లాడినా నాకు అభ్యంతరం కనపడలేదు.

తర్వాత జేబులోంచి ఆ ఎర్ర ట్యాగు తీసి, తుడిచి, కొత్త తేదీ వేసి, నైట్రస్ సిలిండర్ వాల్వుకి కట్టారు. "పంపు మార్చేదాకా," అన్నారు.

పంపు మార్చాను. నిండు భారం మీద ప్రెషరు చూశాను, ఆయన ఎదురుగానే. ఇంకోసారి చూడాలంటారు, అందుకని ట్యాగు ఇంకా ఆ వాల్వు మీదే ఉంది, వరండాలో, కూలరు ముందు. చెప్పుల ఆయన ఇప్పటికీ బాంబనే అంటున్నారు. కాలేజీలో ఒక సహోద్యోగి ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా అని మొన్న కూడా అడిగాడు, నేనూ ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను, తాళం ఎవరు తిప్పారో ఇంజిన్‌కి తెలియదని. ఆ ట్యాగు నేను ముట్టుకోను. ఆయనే విప్పుతారు. విప్పుతారని ఎలా తెలుసంటే, తర్వాతి పందేనికి ఇచ్చిన కాగితంలో మా జట్టు సేఫ్టీ ఆఫీసరుగా ఆయన పేరు రాశాను. నాతో చెప్పకుండా ఎలా రాశావని గంటసేపు కేకలేశారు. తన బదులు ఇంకొకరు మాట్లాడితే ఎలా ఉంటుందో అప్పుడు ఆయనకి అర్థమై ఉంటుంది. కేకలు అయ్యాక, జట్టు చొక్కా ఇస్తారట కదా, భుజాల దగ్గర కొంచెం వదులుగా ఉండే సైజు చెప్పమన్నారు.